1591 అని రాసినా తప్పేనట!

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక చదువు పేజీలో పిల్లల కోసం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక చిన్న ప్రోగ్రామ్ వేశారు. మొత్తం ఆరు వరుసలు. చార్మినార్ ఏ సంవత్సరంలో కట్టారని కంప్యూటర్ అడుగుతుంది. పిల్లవాడు జవాబు కొడతాడు. దాన్ని 1591తో పోల్చి 'ఒప్పు' అనో 'తప్పు' అనో అది తేలుస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఆ ఆరు వరుసల్లో మూడు తప్పులున్నాయి. రెండు అచ్చుతప్పులు, వాటిని అప్పుడే క్షమించేశాను. మూడోది అచ్చుతప్పు కాదు. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

నా గురించి రెండు మాటలు. 1981లో చిక్కడపల్లిలో ఒక ముద్రణాలయంలో ప్రూఫ్ రీడర్‌గా చేరి ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. నేను చేరేనాటికి అక్కడ ఇంకా సీసపు అక్షరాలతోనే కంపోజింగ్ చేసేవారు. డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చడం, తరవాత వచ్చింది. రాతప్రతి ఒక పక్క, గ్యాలీ ప్రూఫు ఒక పక్క పెట్టుకుని తేడాలు పట్టడమే నా వృత్తి. వయసు అరవై ఆరు దాటినా కంటి అద్దాలు పెట్టుకుంటే 'శ'కూ 'స'కూ తేడా మూరెడు దూరం నుంచి చెప్పగలను. రెండు మాటలు ఒకటేనా కాదా అనే విషయంలో ఒక యంత్రం నాకు పాఠం చెబుతుందని మాత్రం అనుకోలేదు. చెప్పింది, అదీ నాలుగైదు సార్లు.

ముందు మీ అచ్చుతప్పులు. పోల్చేచోట రెండు సమం గుర్తులు పక్కపక్కన రావాలి, మీరు ఒక్కటే వేశారు. పైథాన్‌లో ఒక్క సమం గుర్తు అంటే 'ఈ పేరు కింద ఇది దాచు' అని ఆజ్ఞ. రెండు వేస్తే 'ఇవి రెండూ ఒకటేనా?' అని ప్రశ్న. రెండోది, షరతు కింద ఉండే వరుసలు లోపలికి జరిగి ఉండాలి. మీ పేజీలో అన్నీ ఎడమ అంచును పట్టుకుని నిలబడ్డాయి. కవిత అయితే పరవాలేదు, పైథాన్‌కు ఆ జరుపే వ్యాకరణం. ఇవి రెండూ యంత్రమే పట్టేసింది. ఫలానా వరుసలో తప్పుందని ఎర్ర అక్షరాలతో చెప్పింది. ఈ మధ్య వచ్చిన పైథాన్ అయితే 'రెండు సమం గుర్తులు వేయాలనుకున్నారా?' అని మర్యాదగా అడుగుతుంది కూడా. పైఅంతస్తు అబ్బాయికి మరో అవస్థ వచ్చింది. వాడు మీ వెబ్‌సైటు నుంచి కాపీ చేసుకున్నాడు. అక్కడ కొటేషన్ గుర్తులు అందంగా ఒంపు తిరిగి ఉన్నాయి. అవి అచ్చులో చూడటానికి బాగుంటాయి, నేనూ ఒకప్పుడు పట్టుబట్టి వేయించినదాన్నే. పైథాన్‌కు మాత్రం నిటారు గుర్తులే కావాలి. ఒంపు గుర్తు దానికి తెలియని అక్షరం.

ఇక మూడోది. మనవడు సమం గుర్తు సరిచేసి, వరుసలు జరిపి, ప్రోగ్రామ్ నడిపాడు. 1591 అని కొట్టాడు. 'తప్పు' అంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పే. 1590 కొట్టాడు, 1592 కొట్టాడు. తరవాత సాంఘిక శాస్త్రం పుస్తకం తెచ్చి పేజీలు తిరగేశాడు. చివరికి వంటింట్లోకి వచ్చి, "అమ్మమ్మా, చార్మినార్ 1591లో కట్టలేదేమో" అన్నాడు.

వాడు పుస్తకాన్ని అనుమానించాడు, తన వేళ్లను అనుమానించాడు. చివరికి మహమ్మద్ కులీ కుతుబ్ షానూ అనుమానించాడు. పత్రికలో అచ్చయిన ఆరు వరుసలను మాత్రం అనుమానించలేదు. అచ్చులో వచ్చినదానికి ఆ గౌరవం ఇప్పటికీ ఉన్నందుకు సంతోషించాలో, ఏం చేయాలో తోచలేదు.

జరిగింది ఇది. మనం కీబోర్డు మీద ఏది కొట్టినా ఇన్‌పుట్ అనే ఆజ్ఞ దాన్ని పదంగానే అందుకుంటుంది. అంకెలు కొట్టినా అంతే. దాని లెక్కలో అది నాలుగు గుర్తులున్న ఒక మాట. మీ ప్రోగ్రామ్‌లో 1591 చుట్టూ కొటేషన్లు లేవు, అంటే అది సంఖ్య. 'వెయ్యి రూపాయలు' అని రాసిన చీటీ పట్టుకెళ్లి కిరాణా కొట్టులో ఇస్తే కొట్టతను ఏమంటాడో పైథాన్ కూడా అదే అంటుంది. పదమూ సంఖ్యా ఒకటి కావు అని చెప్పి ఊరుకుంటుంది. ఎర్ర అక్షరాలు రావు, వరుస సంఖ్య చూపించదు. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, చక్కగా అబద్ధం చెబుతుంది. ప్రూఫ్ రీడర్‌కు ఇలాంటి తప్పంటేనే భయం. 'కలము' బదులు 'కలుము' పడితే ఎవరైనా పడతారు. 'కలము' బదులు 'కలహము' పడితే అదీ మంచి తెలుగు మాటే, ఎవరి కన్నూ ఆగదు.

సరిచేయడం సులువు. 1591 చుట్టూ కొటేషన్లు పెడితే చాలు. లేదా వచ్చిన జవాబును ఇంట్ అనే ఆజ్ఞతో సంఖ్యగా మార్చుకోవాలి. రెండో దారే మేలని నాకు తరవాత తెలిసింది, అది చెబుతాను.

ఈ గొడవతో నాకు పట్టుదల పెరిగింది. మేముండేది నల్లకుంటలో పాత అపార్ట్‌మెంటు. వేసవి సెలవుల్లో పద్నాలుగు మంది పిల్లలు మెట్ల మీదే ఉంటారు. వాళ్లకు హైదరాబాద్ మీద అయిదు ప్రశ్నలిచ్చి, జవాబులు వాట్సాప్‌లో పంపమన్నాను. మార్కులు నా ప్రోగ్రామ్ వేస్తుంది అని గొప్పగా చెప్పాను. తెలంగాణ రాజధాని ఏది, చార్మినార్ ఎప్పుడు కట్టారు, నగరం మధ్య నుంచి పారే నది ఏది, గండిపేట చెరువు అసలు పేరేమిటి, కుతుబ్‌షాహీల తొలి రాజధాని ఏది. పిల్లలు పంపిన జవాబులు ప్రోగ్రామ్‌లోనే అతికించాను. సరైన జవాబులు మాత్రం వేరే ఫైలులో, వరుసకు ఒకటి చొప్పున రాసిపెట్టుకున్నాను. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 (అక్షరాలను ఫైలులో దాచే ఒక పద్ధతి) అని చెప్పాలన్న సంగతి మనవడు ముందే హెచ్చరించాడు. చెప్పకపోతే మా కంప్యూటర్‌లో తెలుగు బదులు గజిబిజి వచ్చేది.

నడిపితే పద్నాలుగు మందికీ ఒక్కొక్క మార్కే వచ్చింది. అందరికీ చివరి ప్రశ్నకే. గోల్కొండ ఒప్పు, మిగతా నాలుగూ తప్పు. హైదరాబాద్ అని రాసిన పిల్లకు తెలంగాణ రాజధాని తెలియదని తేల్చిందన్నమాట.

నేను తెర మీద రెండు మాటలూ పైనా కిందా పెట్టి పది నిమిషాలు చూశాను. గుడులు చూశాను, పొల్లు చూశాను. తేడా లేదు. అప్పుడు మనవడు, "చూడకు అమ్మమ్మా, అడుగు" అన్నాడు. రెప్ర్ అని ఒక ఆజ్ఞ ఉంది. మామూలుగా తెర మీద కనబడనివాటిని కూడా అది బయటపెడుతుంది. దానితో అడిగితే నా ఫైలులోని హైదరాబాద్ చివర ఒక వెనుక గీత, దాని పక్కన 'ఎన్' అక్షరం కనిపించాయి. అది వరుస ముగిసిందని చెప్పే గుర్తు. ఫైలులో ఒక వరుస చదివితే ఆ గుర్తు కూడా మాటతో కలిసే వస్తుంది. చివరి వరుస తరవాత నేను ఎంటర్ కొట్టలేదు. అందుకే గోల్కొండ ఒక్కటే కోటలోంచి క్షేమంగా బయటపడింది.

ఇది చూశాక నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఇది నాకు 1981లోనే తెలిసిన సంగతి. సీసపు అక్షరాల కాలంలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఊరికే రాదు. ఖాళీ కూడా ఒక సీసపు ముక్కే. స్పేసులు, క్వాడ్లు అనేవారు. అక్షరాల కన్నా పొట్టిగా ఉంటాయి కాబట్టి వాటికి సిరా అంటదు, కాగితం మీద పడవు. కానీ చట్రంలో ఉంటాయి, బరువుంటాయి, జారి కింద పడితే కాలి వేలు వాస్తుంది. చదివేవాళ్లకు లేనిదే కంపోజిటర్ చేతికి ఉన్నది. కంప్యూటర్ కంపోజిటర్ జాతి. అది చట్రం చూస్తుంది, మనం కాగితం చూస్తాం.

చివర ఉన్న ఖాళీలనూ వరుస గుర్తులనూ రాల్చేయడానికి స్ట్రిప్ అనే ఆజ్ఞ ఉంది. అది పెట్టాను. మార్కులు పెరిగాయి. ఈసారి కొందరికి మరీ ఎక్కువ పెరిగాయి.

నది పేరు దగ్గర నేను 'మూసీ' అని రాసుకున్నాను. పిల్లల్లో కొందరు 'మూసి' అని రాశారు. రెండూ ఒప్పే కదా అని 'జవాబు మూసీతో సమానమైతే లేదా మూసి' అని షరతు పెట్టాను. అందరికీ మార్కు వచ్చేసింది. గోదావరి అని రాసిన రెండో అంతస్తు గడుగ్గాయికి కూడా. ఇది పూర్తిగా అన్వయ దోషం. మనం 'మూసీ లేదా మూసి అయితే' అని వింటే 'అయితే' రెండింటికీ అన్వయించుకుంటాం. పైథాన్ అలా కలుపుకోదు. మొదటి సగం ఒక ప్రశ్న, 'లేదా' తరవాత ఒంటరిగా మిగిలిన 'మూసి' ఇంకో ప్రశ్న. ఖాళీ కాని ఏ మాటైనా దాని దృష్టిలో 'అవును' కిందే లెక్క. కాబట్టి మొత్తం షరతు ఎప్పుడూ నిజమే. 'జవాబు మూసీతో సమానమైతే లేదా జవాబు మూసితో సమానమైతే' అని కర్తను రెండుసార్లూ చెప్పి తీరాలి. లేదా ఒప్పుకునే జవాబులన్నీ ఒక జాబితాగా పెట్టి, జవాబు అందులో ఉందేమో చూడమనాలి. నేను జాబితానే ఎంచుకున్నాను. ఎందుకంటే హైదరాబాద్ అని ఒకరు, హైదరాబాదు అని ఒకరు రాస్తారు. గోల్కొండను గోలకొండ అనేవారూ ఉన్నారు. ఇందులో ఏది ఒప్పుకోవాలో యంత్రం చెప్పలేదు. అది దిద్దేవాళ్లు నిర్ణయించుకోవలసిన సంగతి. మా ముద్రణాలయంలో దీని మీద జరిగిన తగాదాలు రాస్తే మీ పత్రిక చాలదు.

చార్మినార్ ప్రశ్నకు ఒక అమ్మాయి ౧౫౯౧ అని తెలుగు అంకెల్లో రాసింది. నన్ను మెప్పించడానికేనని నాకు తెలుసు, మెచ్చాను కూడా. పదంగా పోలిస్తే అది 1591 కాదు. గుర్తులే వేరు. కానీ ఇంట్ అనే ఆజ్ఞకు ౧౫౯౧ ఇస్తే పైథాన్ చక్కగా అర్థం చేసుకుని 1591 అనే సంఖ్యగా మార్చింది. మన వాళ్లే తెలుగు అంకెలు మరిచిపోయిన రోజుల్లో ఆ యంత్రానికి అవి వచ్చని తెలిసి ఆ సాయంత్రం పక్కింటివాళ్లందరికీ చెప్పాను. రెండో దారి మేలని పైన అన్నది ఇందుకే.

ఇక రాజధాని ప్రశ్న. స్ట్రిప్ పెట్టాక కూడా పద్నాలుగు మందిలో తొమ్మిది మందికే మార్కు వచ్చింది. మిగతా అయిదుగురూ హైదరాబాద్ అనే రాశారు. నా ఫైలులోనూ అదే ఉంది. చివర ఖాళీలు లేవు. నాకూ మనవడికీ ఇద్దరికీ తెలివి అక్కడితో ఆగిపోయింది.

అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రంలో నెల రోజుల సాయంత్రం తరగతికి అప్పటికే డబ్బు కట్టి ఉన్నాను. మైత్రీవనం పక్క సందులో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ల్యాప్‌టాప్ మోసుకుని వెళ్లి చెప్పుకున్నాను. పాఠం చెప్పే అబ్బాయి మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తెర వైపు ఒక్కసారి చూసి, "తెలుగుతో ఎప్పుడూ ఇంతే మేడమ్. ఇంగ్లీషులో పెట్టుకోండి, ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు.

సంపాదకుల వారూ, నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, అతనికి అలా నేర్పిన పద్ధతి మీద. రోగం పేరు చెప్పకుండా ఆ అవయవమే తీసేయమన్నట్టుంది. పైగా ఇంగ్లీషులో ఇబ్బంది ఉండదన్నది నిజం కూడా కాదు. ఇంగ్లీషు పెద్ద 'హెచ్'కు కంప్యూటర్‌లో సంఖ్య 72, చిన్న 'హెచ్'కు 104. ఒకరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, మరొకరు చిన్న అక్షరంతో మొదలుపెడితే హైదరాబాద్‌లు రెండవుతాయి. చివర ఒక ఖాళీ, దాని సంఖ్య 32, చేరితే మూడో హైదరాబాద్. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే మా మేనకోడలి కొడుకు సి అనే మరో కంప్యూటర్ భాషలో అచ్చంగా ఇంగ్లీషే రాస్తూ ఇదే గోతిలో పడ్డాడు. అక్కడ రెండు మాటల మధ్య రెండు సమం గుర్తులు పెడితే మాటలను పోల్చదట, అవి జ్ఞాపకంలో ఏ చిరునామాలో ఉన్నాయో ఆ చిరునామాలను పోలుస్తుందట. ఒకే కథ రెండు సొరుగుల్లో ఉంటే కథలు ఒకటేనా అని కాకుండా సొరుగులు ఒకటేనా అని అడిగినట్టు. మాటలను పోల్చడానికి వేరే ఫంక్షన్ ఉంది, దాని పేరు స్ట్రింగ్ కంపేర్‌ను కుదించి పెట్టారు. అది రెండూ సమానమైతే సున్నా ఇస్తుంది. సి భాషలో సున్నా అంటే 'కాదు' అని కూడా. ఆ కుర్రవాడు రెండు రోజులు నిద్రపోలేదంటే నమ్మవచ్చు.

ఇంటికి వచ్చి ఈసారి అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీశాం. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన ప్రమాణం పేరు యూనికోడ్. ప్రతి గుర్తుకూ యూనికోడ్‌లో ఒక సంఖ్య ఉంటుంది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు కేటాయించారు. ఆర్డ్ అనే ఆజ్ఞ ఇస్తే ఏ గుర్తుది ఏ సంఖ్యో చెబుతుంది. నా ఫైలులోని హైదరాబాద్ ఇలా వచ్చింది: 3129, 3144, 3110, 3120, 3134, 3116, 3134, 3110, 3149. తొమ్మిది. కంటికి అయిదు అక్షరాలే కనబడతాయి. కంప్యూటర్‌కు 'హ' వేరు, దాని ఐత్వం వేరు, 'ద' వేరు, చివరి పొల్లు వేరు. ఇది నాకు కొత్తగా అనిపించలేదు. బడిలో గుణింతం అలాగే నేర్పారు.

మార్కు రాని అయిదుగురి జవాబుల్లోనూ పది సంఖ్యలున్నాయి.

నలుగురివి చివర ఒకటి ఎక్కువ: 8204. దీని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేని గుర్తు, విడదీయడమే దాని పని. తెలుగులో ఇది చాలా అవసరమైనది. గండిపేట చెరువు అసలు పేరునే తీసుకోండి. 'ఉస్మాన్‌సాగర్' అని కలిపి రాసేటప్పుడు పొల్లు తరవాత ఇది లేకపోతే 'న్సా' అని వత్తు పడిపోతుంది. 'హైదరాబాద్‌లో' అన్నప్పుడూ అంతే, ఇది లేకపోతే 'ద్లో' అవుతుంది. అందుకని కొన్ని ఫోన్ కీబోర్డులు పొల్లు రాగానే ముందు జాగ్రత్తగా దీన్ని వేసేస్తాయి, తరవాత ఏ అక్షరమూ రాకపోయినా సరే. అది ఖాళీ కాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. రెప్ర్‌తో అడిగితే మాత్రం చూపిస్తుంది. మేమే అడగలేదు, స్ట్రిప్ పెట్టేశాం కదా అన్న ధీమాతో.

అయిదో జవాబు ఇంకా గడుసుది. రెప్ర్ కూడా ఏమీ చూపించలేదు. చివర 8204 లేదు. సంఖ్యలు పక్కపక్కన పెడితే రెండో గదిలో తేడా కనిపించింది. అందరికీ 3144 ఉన్నచోట ఆ అమ్మాయికి 3142, 3158 అని రెండున్నాయి. 3144 అంటే ఐత్వం. 3142 అంటే ఎత్వం. 3158 అంటే ఐత్వంలో కిందికి వేలాడే వంపు. హ మీద ఎత్వం పెట్టి, కింద వంపు తగిలిస్తే 'హై' అవుతుంది. బలపం పట్టిన ప్రతి పిల్లా రాసేది అలాగే. యూనికోడ్ ఆ రెండు రాతలూ సమానమేనని ఒప్పుకుంటుంది. పైథాన్‌లోని రెండు సమం గుర్తులు మాత్రం ఒప్పుకోవు, అవి సంఖ్యలు తప్ప ఏమీ చూడవు. ఆ అమ్మాయిని పిలిచి అడిగితే, ఏదో పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికించానని తల వంచుకుంది. కాపీ కొట్టినందుకు మార్కు తీసేయాలా, ఐత్వం సరిగ్గా విప్పి చూపినందుకు ఇవ్వాలా అని కాసేపు ఆలోచించి ఇచ్చేశాను.

మా ఊరి పేరును రెండు రకాలుగా రాసినా రెండూ కంటికి ఒక్కటిగానే కనబడతాయని ఇంతకాలం నాకు తెలియదు. ముద్రణాలయంలో ఉన్నప్పుడు కాపీ హోల్డర్ రాతప్రతి పైకి చదివేవాడు, నేను ప్రూఫు మీద వేలు నడిపేదాన్ని. ఆయన ఎంత స్పష్టంగా చదివినా 3144 అని వినపడదు కదా.

దీనికి మందు ఉంది. యూనికోడ్‌లో నార్మలైజ్ అనే పద్ధతి ఉంది, పైథాన్‌తో పాటే దొరుకుతుంది. ఎన్.ఎఫ్.సి. అనే రూపం అడిగితే విడివిడిగా ఉన్న ఎత్వాన్నీ వంపునూ కలిపి ఒక్క ఐత్వం చేసి ఇస్తుంది. 8204ను మాత్రం అది తీయదు, దాన్ని మనమే తుడవాలి. తుడిచేటప్పుడు ఒక జాగ్రత్త. పిల్లలు రాసిన అసలు జవాబును ముట్టుకోకూడదు. పోల్చడానికి ఒక నకలు తీసి, ఆ నకలులోనే తుడవాలి. లేకపోతే తెర మీద ఉస్మాన్‌సాగర్‌కు వత్తు తగులుతుంది. నేను అసలే తుడిచి, తగిలించి, లెంపలు వేసుకున్నాను. జవాబుకూ ఫైలులోని మాటకూ రెండింటికీ ఒకే శుద్ధి జరగాలి. ఒకదానికి చేసి రెండోది మరిచిపోతే మళ్లీ మొదటికి వస్తాం.

ఇదంతా పిల్లల ఆటే అనుకోకండి. మొన్న నా పెన్షన్ పని మీద ఒక కార్యాలయానికి వెళితే, రెండు పత్రాల్లో మీ పేరు సరిపోలడం లేదు, దిద్దించుకుని రండి అన్నారు. తెర నా వైపు తిప్పమని బతిమాలాను. పేర్లు రెండూ అక్షరం అక్షరం ఒక్కటే. "బాబూ, ఒక్కసారి పేరు చివర కర్సర్ పెట్టి వెనక్కి తుడువు" అన్నాను. అతను నన్ను వింతగా చూసి తుడిచాడు. అక్షరమేదీ చెరగలేదు, కానీ పేరు సరిపోయింది. చివర ఒక ఖాళీ ఉందంతే. వరుసలో నా ముందు నిలబడ్డ పెద్దాయనను అంతకు ముందే అదే కారణం చెప్పి వెనక్కి పంపారు. ఆయన అప్పటికే మెట్లు దిగి వెళ్లిపోతుంటే మనిషిని పంపి పిలిపించాల్సి వచ్చింది. ఆయన తేడా ఏమిటో చూసే ఓపిక నాకు లేకపోయింది, బస్సు వేళయింది.

ఒక చిన్న ముచ్చట చెప్పి అసలు విన్నపానికి వస్తాను. చార్మినార్ 1591 నాటిది. పైథాన్ మొదటిసారి బయటికి వచ్చింది 1991లో, యూనికోడ్ తొలి సంచిక కూడా 1991లోనే, తెలుగు అందులో అప్పుడే ఉంది. సరిగ్గా నాలుగు వందల ఏళ్లు. అంటే మన అక్షరాలు ఈ యంత్రాల్లోకి నిన్న మొన్న దొడ్డిదారిన వచ్చినవి కావు. అమీర్‌పేట అబ్బాయికి ఈ మాట చెప్పాను. తొమ్మిది సంఖ్యలూ, పది సంఖ్యలూ రెండు వరుసలుగా రాసిన కాగితం కూడా చూపించాను. అతను ఫోనులో ఫొటో తీసుకున్నాడు. మరుసటి రోజు తరగతిలో బోర్డు మీద రాశాడని, తన పేరు కూడా తెలుగులో రాసి విడదీసి చూపించాడని మా వీధి కుర్రవాడు చెప్పాడు.

నా విన్నపం ఇది. మీ చదువు పేజీలో ఆ ప్రోగ్రామ్‌కు సవరణ వేయండి. ఎక్కడో మూలన 'చింతిస్తున్నాం' అని కాకుండా, ప్రోగ్రామ్ వేసిన చోటే, అంతే పెద్దగా వేయండి. 1591 చుట్టూ కొటేషన్లయినా పెట్టండి, జవాబును సంఖ్యగానైనా మార్చండి. రెండూ ఒకేసారి చేస్తే మళ్లీ తప్పే వస్తుంది. కింద నాలుగు ముక్కలు జోడించండి: కంటికి ఒక్కటిగా ఉన్న మాటలను కంప్యూటర్ వేరంటే, ముందు రెండింటి పొడవు ఎంతో లెన్ ఆజ్ఞతో అడగాలని, తేడా ఉంటే రెప్ర్‌తో చూడాలని, అప్పటికీ తేలకపోతే ఆర్డ్‌తో సంఖ్యలు బయటికి తీయాలని. పొడవు సమానంగానే ఉండి కూడా తేడా ఉండవచ్చు, అక్షరం పక్కన పెట్టే సున్న బదులు తెలుగు అంకె సున్నా కొట్టేవాళ్లను నేనే చూశాను. కాబట్టి పొడవు దగ్గరే ఆగవద్దని కూడా రాయండి. తెలుగు మానేయమని మాత్రం రాయకండి.

సవరణ పేజీ అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫు పంపితే చూసి పెడతాను, డబ్బు అక్కరలేదు. పంపే వీలు లేకపోతే మీ డెస్కులో ఎవరైనా ఒకరు పేజీ చూసి కాకుండా, పేజీలో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లో కొట్టి, ఒకసారి నడిపి చూడాలి. వరుసలు లోపలికి జరిగి ఉండాలి. కొటేషన్లు నిటారుగా ఉండాలి. సమం గుర్తులు రెండూ కలిసిపోయి ఒక పొడవు గీతలా కనబడే ఫాంటు వాడకండి, పిల్లలు ఒకటే కొడతారు. అలాగని విడివిడిగా కనబడాలని వాటి మధ్య ఖాళీ మాత్రం పెట్టకండి, అదీ తప్పే.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్,
నల్లకుంట, హైదరాబాద్.